ఉడికిన గెత్తం

మొన్న ఒక కంపెనీ కుర్రాడు మా కొట్టుకి వచ్చి, బల్ల మీద నల్లటి సీసా పెట్టి, మూత తీసి నా ముక్కు దగ్గరకి తోశాడు. "వాసన చూడండి సార్, ఏమీ రాదు. అదే క్వాలిటీ," అన్నాడు. కూరగాయ మొక్కల మొదళ్లలో పోసే హ్యూమిక్ ద్రావణం అది. కోటబొమ్మాళి బజారులో విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్ముకునేవాణ్ణి, ఇలాంటి సీసాలు నాకు కొత్త కాదు. కానీ అతను వాసన చూడమనగానే నాకు నవ్వొచ్చింది. వాసన చూసి నాణ్యం చెప్పే మనిషి ఒకావిడ ఉండేది మాకు. ఈ ఎండాకాలం చివర్లో పోయింది. బతికుంటే ఆ సీసా కుర్రాడి చేతిలోంచి లాక్కుని, ముక్కుకి ఆనించుకుని, సీసానీ కుర్రాణ్ణీ ఎగాదిగా చూసి, "సీసా ఉడికినాది గానీ నువ్వింకా ఉడకనేదు బాబూ," అనేసి వెళ్లిపోయేది.

ఊరంతా ఆవిణ్ణి గెత్తం పెద్దమ్మ అనేవారు. గెత్తం అంటే మా వైపు పశువుల పేడ, ఇంటి చెత్త, పొయ్యి బూడిద అన్నీ ఒకే గోతిలో పడి మాగిన ఎరువు. వెక్కిరింతకే పెట్టిన పేరది. ఆవిడ మాత్రం ఆ పేరుతో పిలిస్తేనే వెంటనే పలికేది.

పొట్టి మనిషి. కుడిచెయ్యి మోచేతి దాకా ఎడమచేతికంటే నలుపు. రోజూ పొద్దున్నే గెత్తం గోతిలోకి ఆ చెయ్యి దూర్చి చూడటం అలవాటు. చెయ్యి వేడెక్కితే ఇంకా ఉడకలేదని అర్థం. "ఏడి పోవాల, కంపు పోవాల, సేతికి అంటుకోకుండా రాలిపోవాల. అప్పుడు ఉడికినట్టు," అనేది. పొయ్యి మీద అన్నం ఉడికాక దించుతామా లేదా, అలాగే గెత్తం కూడా ఉడికాకే దించాలని ఆవిడ లెక్క. ఉడకడం అన్న ఆ ఒక్క మాటతోనే ఆవిడ లోకాన్నంతా తూచేసేది. కొత్తగా పెళ్లైన జంట, కొత్తగా గెలిచిన సర్పంచి, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డు, అందరూ అన్నీ ఉడకాల్సినవే.

మా కొట్టుకి వస్తే కుర్చీలో కూర్చునేది కాదు. మెట్టు మీద కూర్చుని, వంకాయల గంప ఎదురుగా పెట్టుకుని, చేతికి అందిన ప్రతిదీ వాసన చూసేది. నా విత్తనాల ప్యాకెట్లు వాసన చూసేది. చిల్లర ఇస్తే నోట్లు వాసన చూసేది. నా కోసం వచ్చిన టీ గ్లాసు ఎత్తి, "పొద్దుటి డికాషనే మల్లీ మరగెట్టినాడు," అని నిర్ధారించేది. ఆ టీ కొట్టువాడికి ఆవిడంటే అస్సలు పడేది కాదు. మా చెల్లెలు చంటిపిల్లని తీసుకొస్తే పిల్ల మాడు వాసన చూసి, తలూపి, ఒక వంకాయ తీసి మా చెల్లెలి ఒళ్లో వేసింది. నన్ను సీసాలోడా అని పిలిచేది. మా నాన్న కూడా నన్నంత హక్కుగా పిలవలేదు.

ఆవిడ తోట సముద్రం వైపు ఇసక నేలలో ఉండేది. పంపకాల్లో భర్త వాటాకి వచ్చిన నేల. నీళ్లు పోస్తే పోసినట్టే కిందికి జారిపోతాయి, వేసిన ఎరువు కూడా వాటి వెంటే పోతుంది. భర్త పోయాక ఆ నేలనే నమ్ముకుని వంగ, బెండ, ఆనప వేసుకుంటూ, కూతుర్ని పాతపట్నం వైపు అత్తారింటికి పంపి, ఒక్కతే ఉండేది.

ఒకసారి నేను ఉచితంగా వచ్చిన చిన్న ప్యాకెట్ ఆవిడ చేతిలో పెట్టాను. ఏమిటని అడిగింది. హ్యూమిక్ యాసిడ్ అన్నాను, వేళ్లు బాగా దిగుతాయన్నాను. ప్యాకెట్ పాముపిల్లని వదిలేసినట్టు మెట్టు మీద వదిలేసింది.

"యాసిడ్డేటిరా? మరుగుదొడ్డి కడిగీదా? దాన్ని నా వంగమొక్కల మొదట్లో పొయ్యమంటన్నావా? నీకేటైనా అయినాదా?"

ఆవిడ భయానికి కారణం ఉందని తర్వాత తెలిసింది. యాసిడ్ పోస్తే వేళ్లు దిగుతాయని ఎక్కడో విని, వాళ్ల ఊళ్లో ఒకాయన అప్పటికే దొడ్డి కడిగే యాసిడ్‌ని నీళ్లలో కలిపి ఆనపపాదుకి పోశాడట. పాదు సాయంత్రానికల్లా వేలాడిపోయింది. పేరు పెట్టినవాళ్లదే తప్పని నేను ఇప్పటికీ అంటాను. రైతుకి అమ్మే వస్తువుకి భయపెట్టే పేరేమిటి?

గ్లాసు నీళ్లలో నాలుగు పలుకులు వేసి చూపించాను. నీళ్లు నల్లగా తిరిగాయి. వాసన చూసింది, వేలు ముంచింది, గ్లాసుని ఎండకి పెట్టి చూసింది. "ఇది మా గెత్తం గోతిలోంచి వానకి కారే నీల్లే గదరా," అంది. నిజమే. బాగా మాగిన పశువుల ఎరువులో, కంపోస్టులో ఉండేది ఈ పదార్థమే. వట్టి నీళ్లకి కొంచెమే దిగుతుందనీ, క్షారం కలిస్తే బాగా దిగుతుందనీ చెప్పాను. క్షారమంటే ఏమిటంది. బూడిద తేట లాంటిదన్నాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. గోతిలో బూడిద పోసే పక్కనుంచి కారే నీళ్లు ఎప్పుడూ ఎక్కువ నల్లగా ఉంటాయట. ఇన్నాళ్లూ చూస్తూనే ఉందట, ఎందుకో తెలియలేదట.

ఆ వారంలోనే ఆవిడ పెరట్లో రెండు ప్లాస్టిక్ డ్రమ్ములు వెలిశాయి. ఒకదాంట్లో బూడిద కలిపిన నీళ్లు తేరుకునేవి. ఆ తేటలో గోతి అట్టడుగు గెత్తం నానబెట్టి, కర్రతో తిప్పి, కొన్నాళ్లు ఉంచి, పాత చీరతో వడకట్టేది. ఆ నల్లనీళ్లని టీ రంగుకి వచ్చేదాకా మంచినీళ్లతో పలచన చేసి, చెంబుతో మొక్కకింత పోసేది. కొలత లేదు, పాడు లేదు. వేళ్ల మధ్య సబ్బులా జారితే బూడిద ఎక్కువైనట్టు, అంతే. మొదటిసారి ఎక్కువే అయింది. బెండమొక్కల ఆకుల అంచులు మాడిపోయాయి. మాడిన ఆకు తెచ్చి నా మొహం మీద ఆడించి, "నీ సారం మండిపోనూ," అని తిట్టిపోసింది. మర్నాడు మళ్లీ వచ్చి, ఈసారి ఎంత పలచన చెయ్యాలో నన్నే అడిగింది.

రెండు మూడు పంటలయ్యేసరికి ఆ ఇసక రంగు మారింది. పొద్దున్న పెట్టిన తడి సాయంత్రం దాకా నిలిచేది. వంగమొక్క పీకితే వేళ్లు గడ్డంలా వేలాడేవి. అంతా నల్లనీళ్ల మహిమేనని నేను చెప్పను. గెత్తమూ వేసేది, ఎండుటాకులూ కప్పేది, తన ఒళ్లూ వంచేది. ఏది ఎంత చేసిందో ఎవరు విడదీస్తారు? వంకాయలు మాత్రం నిగనిగలాడేవి. బజారులో ఆవిడ గంప దించగానే చుట్టూ మూగేవారు. నల్లనీళ్ల కోసం ఊళ్లోవాళ్లు పెరటి గుమ్మం దగ్గర నిలబడటం మొదలైంది. అడిగినవాళ్లందరికీ ఊరికే పోసేది.

ఒక్కటే షరతు. ఏనం, అంటే పోసుకెళ్లే గిన్నో డబ్బానో, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. ఆవిడ ఇంట్లోంచి గిన్నె గానీ డబ్బా గానీ గడప దాటేది కాదు. నేనొకసారి మా పెరట్లో మిరపమొక్కలకి కావాలని వట్టిచేతులతో వెళ్లాను. "మజ్జిగకొచ్చినోడు సెంబు తెచ్చుకోడేటి? కొట్టునిండా డబ్బాలెట్టుకుని సేతులూపుకుంటూ వచ్చినావు," అని పదిమందిలో కడిగేసి వెనక్కి పంపింది. బండి మీద కొట్టు దాకా వెళ్లి డబ్బా తెచ్చుకున్నాను. ఆవిడ ఇంటి నుంచి ఏనం బయటికి రాదన్న సంగతి చుట్టుపక్కల నాలుగూళ్లకీ తెలుసు.

దానికి కారణం ఇత్తడి గుండిగ. కొత్త కాపురాల్లో తోటికోడలు ఉప్పుడుబియ్యానికి వడ్లు ఉడకబెట్టుకుంటానని పెద్దమ్మ పుట్టింటి గుండిగ పట్టుకెళ్లింది. అది సొట్టపడింది. సొట్ట ఎవరు పెట్టారన్న దగ్గర మాటా మాటా పెరిగి, గుండిగ అటే ఉండిపోయి, అన్నదమ్ములు వేరుపడ్డారు. ఇల్లు చీలింది, పొలం చీలింది. గెత్తం గొయ్యి మాత్రం రెండిళ్ల మధ్యా పడింది, దాన్నెలా చీలుస్తారు? మధ్యలో అడ్డంగా ఒక తాటిదుంగ పడేశారు. ఇటు పెద్దమ్మ చెత్త, అటు మరిది చెత్త. తర్వాత పెద్దమ్మ భర్త పోయాడు, తోటికోడలు పోయింది, అయినా వదినా మరుదుల మధ్య మాట లేదు. పొద్దున్నే దుంగకి చెరోవైపు నిలబడి చెరో గంపా దులుపుకుని, చెరో మొహం పెట్టుకుని వెళ్లిపోయేవారు.

ఊళ్లో ఇంటింటికీ గ్యాసు వచ్చి బూడిదకి కరువొచ్చింది. పెద్దమ్మ గోనెసంచి పట్టుకుని ఇడ్లీ హోటళ్ల వెంటా, ఆ పడని టీ కొట్టు వెంటా తిరిగేది. పక్కనే మరిది ఇంట్లో ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే వడ్లు ఉడకబెడతారు, బూడిద కుప్పలుగా ఉంటుంది. అడగొచ్చు కదా అంటే నా వైపు చూసిన చూపుకి మళ్లీ అనలేదు.

ఒక ఏడు వానలు సరిగ్గా లేక మరిది టమాటా గిడసబారింది. ఒక ఉదయం ఆయన డబ్బా పట్టుకుని పెద్దమ్మ పెరటి గుమ్మంలో నిలబడ్డాడు. నోరు విప్పలేదు, డబ్బా ముందుకి చాచాడు. ఆవిడా నోరు విప్పలేదు, నిండా పోసింది. ఆ మధ్యాహ్నం వంకాయలు అమ్ముకోవడం మానేసి మా మెట్టు మీద కూర్చుంది. "మరిది గుమ్మంలోకొచ్చినాడురా," అంది. మళ్లీ అదే మాట అంది. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

తర్వాతి సంత నాటికి ఆ నవ్వు పోయింది. సంత మంచి సందడిలో ఉండగా మరిది వచ్చాడు. ఒక చేతిలో పీకిన టమాటా మొక్క, ఇంకో చేతిలో ఆ డబ్బా. మా కొట్టు ముందు నిలబడి, అందరికీ వినబడేలా, వదిన పోసిన నల్లనీళ్లకి చేనంతా మెలితిరిగిపోయిందన్నాడు. పాత పగ తీర్చుకుందన్నాడు. ఆ నీళ్లతో పెంచిన వంకాయలు తింటే ఏమవుతారో మీరే ఆలోచించుకోండన్నాడు. పెద్దమ్మ గంప దగ్గర వంకాయలు ఏరుతున్న ఒకావిడ ఏరినవి మళ్లీ గంపలో పెట్టేసింది. పక్కావిడ కూడా పెట్టేసింది.

నేను ఆయన చేతిలోని మొక్కని దగ్గరగా చూశాను. ఆకులు సన్నబడి, దారాల్లా మెలికలు తిరిగి ఉన్నాయి. గట్ల మీద కలుపుకి కొట్టే మందు తగిలితే టమాటా ఇలాగే అవుతుంది. ఇది నాకు నిద్రలో లేపి చూపించినా చెప్పగలను. ఈలోగా పెద్దమ్మ లేచి వచ్చి, మరిది చేతిలో డబ్బా అందుకుని, మూతి దగ్గర ముక్కు పెట్టింది. ఒక్క క్షణం. తర్వాత నా మొహం చూసి, నేను నోరు తెరిచే లోపల చెయ్యి పట్టుకుని కొట్టు లోపలికి లాక్కుపోయింది.

"సెప్పకు," అంది.

నాకు ఒళ్లు మండింది. కలుపుమందు డబ్బా కడక్కుండా తెచ్చుకున్నది ఆయన, బదనాం ఈవిడికి. ఇప్పుడు చెప్పకపోతే నీ వంకాయ మళ్లీ ఎవరూ ముట్టరన్నాను, నల్లనీళ్లన్నా విషమన్నా ఒకటే అయిపోతుందన్నాను.

"ఆడిప్పుడు ఏడి మీదున్నాడు. ఏడి మీదున్న గెత్తం మొదట్లో ఎడితే మొక్క సస్తాది. ఇంతమందిలో తప్పు నీదని అంటే ఆడు మల్లీ జన్మలో నా గుమ్మం తొక్కడు." ఆవిడ గొంతు తగ్గింది. "అయినా నాదీ ఉన్నాదిరా. లోకంలో అన్నీ వాసన సూస్తాను, ఆ డబ్బా సూడనేదు. మరిదొచ్చినాడన్న సంబరంలో ముక్కు మరిసిపోనాను."

బయటికి వెళ్లి, డబ్బా అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకుంది.

"నీల్లు కాదు, డబ్బా. దీంట్లో కలుపుమందుండీది. డబ్బా నాదే. నానే కడక్కుండా పోసిచ్చీసినాను. మా మరిది తప్పేటీ నేదు."

ఆవిడ ఇంటి నుంచి ఏనం బయటికి రాదని తెలియనివాళ్లు అక్కడ ఒక్కరూ లేరు. డబ్బా లేక తిట్లు తిని వెనక్కి వెళ్లినవాళ్లే సగం మంది. అందరూ మరిది వైపు చూశారు. ఆయన డబ్బా అడక్కుండా, చేతిలో మొక్క అక్కడే వదిలేసి, తల దించుకుని వెళ్లిపోయాడు. వంకాయలు గంపలో తిరిగి పెట్టేసిన ఆవిడ మళ్లీ వంగి ఏరుకోవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ కత్తి తీసి డబ్బా అడుగున పొడిచి కన్నం పెట్టింది, మళ్లీ ఎవరూ దేనికీ వాడకుండా. మా కొట్టులో కలుపుమందు కొన్న ప్రతివాడికీ డబ్బా ఖాళీ అయ్యాక కన్నం పెట్టమని నేను చెప్పడం ఆ రోజు నుంచే.

మర్నాడు పొద్దున్న గెత్తం గోతి దగ్గర ఏం జరిగిందో ఆవిడే వచ్చి చెప్పింది. మరిది గంపెడు బూడిద తెచ్చి, తన వైపు పొయ్యకుండా, దుంగ మీదుగా చెయ్యి చాచి ఇటువైపు పోసి వెళ్లిపోయాడట. ఆ మర్నాడూ పోశాడు. ఆ పైన రోజూ పోశాడు. ఆవిడ ఇడ్లీ హోటళ్లకి వెళ్లడం మానేసింది. మరిది టమాటా చేను పోయింది కాబట్టి, తన దగ్గరున్న వంగనారు కట్ట ఒకటి దుంగ మీద పెట్టి వచ్చింది. అది సాయంత్రానికి అక్కడ లేదు.

కానీ మాట మాత్రం లేదు. డబ్బా నాదేనని ఆయన అనలేదు, అనమని ఈవిడ అడగలేదు. నేను ఆగలేక అప్పుడప్పుడూ అడిగేవాణ్ణి, మీ మరిది ఏమైనా అన్నాడా అని.

"ఇంకా ఉడకనేదురా. నువ్వు తొందరెట్టకు."

ఏళ్లు గడిచాయి. చివరిసారి కొట్టుకి వచ్చినప్పుడు జ్వరంగా ఉంది. నా టీ వాసన చూసి ఏమీ అనకుండా దించేసింది. అప్పుడే నాకు భయమేసింది. ఆస్పత్రికి తీసుకెళ్లింది మరిదే. తీసుకొచ్చిందీ ఆయనే.

పెద్దమ్మ దినం భోజనాలకి వెళ్లాను. పెరట్లో వంటలు. అన్నం దించిన గుండిగ ఇత్తడిది, పక్కన సొట్ట ఉంది. అది ఏ ఇంటి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. పంక్తి చివర పెద్దమ్మ అల్లుడు నాతో మాట్లాడుతూ, ఆ గొయ్యి పూడ్పించేస్తే ఆటో పెట్టుకోవడానికి చోటవుతుందన్నాడు. కూతురు తలూపింది. మజ్జిగ వడ్డిస్తున్న మరిది అక్కడే ఆగిపోయాడు.

"పూడ్సకండి," అన్నాడు. ఆ వెంటే, "ఆ డబ్బా నాది," అన్నాడు.

అల్లుడికి ఏమీ అర్థం కాలేదు. ఏ డబ్బా మావా అని అడిగాడు. పంక్తిలో పెద్దవాళ్లంతా విస్తట్లోకి చూస్తూ చేతులు ఆపేశారు. మరిది అల్లుడి వైపు తిరిగాడు.

"కలుపుమందు డబ్బా. నాది. ఒదినది కాదు. సంతలోనే సెప్పాల్సింది. ఇన్నాల్లూ రోజూ గోతికాడ సెప్దామనే ఎల్లేవోన్ని. బూడిద పోసీసి వచ్చీసీవోన్ని."

ఒక ముసలాయన, తెలుసురా అన్నాడు, అందరికీ తెలుసన్నాడు. కూతురు లేచి బాబాయి చేతిలోంచి మజ్జిగ గిన్నె అందుకుంది.

చేతులు కడుక్కుని నేను గోతి దగ్గరకి వెళ్లాను. వెనకే మరిదీ వచ్చాడు, అలవాటుగా బూడిద గంప చంకన పెట్టుకుని. ఇటు ఏది, అటు ఏది అని వెతుక్కున్నాను. గొయ్యంతా ఒకే నలుపు. చెయ్యి మోచేతి దాకా దూర్చాను. చల్లగా ఉంది. బయటికి తీస్తే చేతికి అంటుకోకుండా రాలిపోయింది. వాసన చూశాను, తొలకరి నేల వాసన.

"తాటిదుంగ ఏదీ?" అన్నాను.

"అదెప్పుడో ఉడికిపోనాది," అన్నాడు.

ఆ మాట పెద్దమ్మ చెవిన పడి ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది. అక్కడే గట్టున కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. బూడిద గంప ఎత్తి, ఒకప్పుడు దుంగ ఉన్నచోట దులిపి, గంప బోర్లించి తట్టాడు.